ఓవర్‌క్లాక్ చేశాక సిస్టం ఎందుకు నిలకడగా నడవదు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే ఇబ్బంది గురించినవి. ప్రాసెసర్‌నో, ర్యామ్‌నో, గ్రాఫిక్స్ కార్డునో తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి నడిపించడం మొదలుపెట్టాక సిస్టం ఉన్నట్టుండి ఆగిపోవడం, దానంతటదే రీస్టార్ట్ కావడం, ఫైళ్లు పాడైపోవడం వంటివి జరుగుతున్నాయని పాఠకులు రాశారు. ఉత్తరాలను కొంత కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: నా సిస్టంలో రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, 3600 వేగం గల 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు ఉన్నాయి. వేడి తగ్గుతుందని బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెర), కోర్లకు అందే వోల్టేజిని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 30కి మార్చాను. బూస్ట్ వేగాన్ని 200 మెగాహెర్ట్జ్ పెంచాను. ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ పరీక్షను అరగంట నడిపినా ఏమీ కాదు. కానీ బ్రౌజర్‌లో ఏదో చదువుతున్నప్పుడో, సిస్టం ఆన్‌లో ఉంచి భోజనానికి వెళ్లినప్పుడో రీస్టార్ట్ అవుతోంది. విండోస్ తన లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఉంది. షాపతను ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు అందించే పెట్టె) మార్చమంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మార్చకండి. 41 అనే నంబరు చెప్పేది ఒక్కటే: కిందటిసారి విండోస్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండానే సిస్టం ఆగిపోయింది. ఇంట్లో కరెంటు పోయినా, ఎవరైనా ప్లగ్ పీకేసినా, ప్రాసెసర్ లెక్క తప్పి కుప్పకూలినా ఆ నంబరే నమోదవుతుంది. దాని పేరులో పవర్ అనే మాట ఉండటం వల్ల నిక్షేపంలాంటి ఎస్‌ఎంపీఎస్‌లు ఎన్నో నిందపడి మూలకు చేరాయి. మీరు వెతకవలసింది అదే సమయానికి అటూ ఇటూగా, హార్డ్‌వేర్ తప్పులను రాసిపెట్టే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో నమోదైన 18వ నంబరు ఎంట్రీ కోసం. దాన్ని తెరిస్తే క్యాష్ హైరార్కీ ఎర్రర్ అన్న మాటా, దాని కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకే కనిపిస్తాయి. అది ఉందంటే ఫిర్యాదు చేస్తున్నది ప్రాసెసరే. మీ ప్రాసెసర్‌లో 8 కోర్లు, 16 థ్రెడ్లు ఉన్నాయి కాబట్టి ఆ అంకె 0 నుంచి 15 వరకు ఏదైనా కావచ్చు. దాన్ని రెండుతో భాగించి శేషాన్ని వదిలేస్తే ఏ కోరో తెలిసిపోతుంది. ఉదాహరణకు 8 గాని 9 గాని ఉంటే తప్పు చేసింది 4వ కోరు, సున్నా నుంచి లెక్కపెట్టే పద్ధతిలో. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అదే కోరు పేరు వస్తోందంటే మీ పని సగం అయిపోయినట్టే.

ఇక అరగంట సినీబెంచ్‌కు తట్టుకున్న సిస్టం ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు పడిపోతుందన్నది అసలు ప్రశ్న. చాలామంది తిరగేసి ఆలోచించేది ఇక్కడే. ఎనిమిది కోర్లూ పూర్తి పనిలో ఉన్నప్పుడు ప్రాసెసర్ 142 వాట్ల పరిమితికో, 90 డిగ్రీల ఉష్ణోగ్రత పరిమితికో చేరువై తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆ తగ్గిన వేగానికి, మీరు కోసేసిన తరవాత మిగిలిన వోల్టేజి కూడా సరిపోతుంది. అదే బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచినప్పుడు ఒకే ఒక్క కోరు క్షణకాలం పాటు అత్యధిక వేగానికి ఎగబాకుతుంది. కంపెనీ ప్రకటించిన బూస్ట్ వేగం 4.7 గిగాహెర్ట్జ్, మీరు దాని పరిమితిని ఇంకో 200 మెగాహెర్ట్జ్ పైకి జరిపారు. అక్కడ ఆ కోరుకు అత్యధిక వోల్టేజి కావాలి. సరిగ్గా అక్కడే మీరు కోత పెట్టారు. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో మెట్టు విలువ సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ఆ లెక్కన మైనస్ 30 అంటే దాదాపు 90 నుంచి 150 మిల్లీవోల్టుల కోత. ఒకవైపు వేగం పెంచుతూ మరోవైపు వోల్టేజి ఇంత తగ్గిస్తే ఎనిమిది కోర్లూ ఒప్పుకోవడం అరుదు.

అందువల్ల మొదట చేయవలసింది కర్వ్ ఆప్టిమైజర్‌ను పూర్తిగా ఆపేసి, బూస్ట్ పెంపును సున్నాకు తెచ్చి, ర్యామ్‌ను కూడా ఎక్స్‌ఎంపీ (అట్ట మీది వేగంతో నడిపించే సెట్టింగ్) తీసేసి మామూలు వేగంలో ఉంచి, మీ రోజువారీ పనులన్నీ యథాప్రకారం కొన్నాళ్లు చేసుకోవడం. మూడింటినీ ఒకేసారి వెనక్కి తేవాలి గాని, తిరిగి పెట్టేటప్పుడు మాత్రం ఒక్కొక్కటిగానే పెట్టాలి. అప్పుడు రీస్టార్ట్‌లు ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి. అన్నీ మామూలుగా ఉన్నా, ఖాళీగా ఉన్నప్పుడే ఆగిపోతుంటే అప్పుడు షాపతని మాటలో కొంత నిజం ఉండవచ్చు: ప్రాసెసర్ గాఢనిద్రలోకి వెళ్లినప్పుడు అది తీసుకునే విద్యుత్తు మరీ తగ్గిపోతే కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకోలేవు. అందుకే చాలా ఏఎండీ బోర్డుల బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చి చూడండి. కొత్తది కొనే ముందు ఖర్చు లేకుండా చేయగల పరీక్ష ఇది.

తప్పు కర్వ్ ఆప్టిమైజర్‌దేనని తేలాక, అన్ని కోర్లకూ ఒకే అంకె ఇవ్వడం మానేయండి. ప్రతి చిప్‌లోనూ రెండు కోర్లను కంపెనీ మేలైనవిగా గుర్తిస్తుంది. రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో వాటి పక్కన గుర్తు కనిపిస్తుంది. విచిత్రమేమిటంటే మేలైన కోర్లే తక్కువ కోతను భరిస్తాయి, ఎందుకంటే అవి అందరికంటే ఎక్కువ వేగానికి వెళ్లేలా, ఉన్న వెసులుబాటును ముందే వాడుకునేలా అమర్చి ఉంటాయి. వాటికి సున్నా లేదా మైనస్ 5, మిగిలిన వాటికి మైనస్ 10 లేదా 15 పెట్టి మొదలుపెట్టండి. పరీక్షకు సినీబెంచ్ పనికిరాదు. కోర్‌సైక్లర్ అనే ఉచిత సాధనం, బరువైన లెక్కలు చేయించే ప్రైమ్95 ప్రోగ్రాంను ఒక్కో కోరు మీద విడివిడిగా నడిపిస్తుంది. మిగిలిన కోర్లు ఖాళీగా ఉంటాయి గనక పరీక్షలో ఉన్న కోరు పూర్తి బూస్ట్ వేగానికి వెళ్తుంది, మీ సిస్టం పడిపోతున్నదీ ఆ స్థితిలోనే. రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే తెల్లారేసరికి ఫలితం ఉంటుంది. ఏదైనా కోరు తప్పితే ప్రైమ్95 ‘రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దాన్ 0.4’ అని ఆ తప్పును తెర మీద పెడుతుంది. దాని అర్థం, ముందే తెలిసిన ఒక లెక్కకు మీ ప్రాసెసర్ వేరే జవాబు చెప్పిందని. సిస్టం ఆగిపోకపోయినా సరే, ఇది వైఫల్యమే. ఆ కోరు కోతను మూడు నుంచి ఐదు మెట్లు తగ్గించి మళ్లీ నడపండి.

ఇంకొక మాట. ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు లోడ్ లైన్ క్యాలిబ్రేషన్‌ను చివరి మెట్టుకు పెంచమని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. పని ఎక్కువైనప్పుడు వోల్టేజి కొంచెం కుంగడం మదర్‌బోర్డులో కావాలని ఉంచిన ఏర్పాటు. దాన్ని పూర్తిగా తీసేస్తే, పని ఒక్కసారిగా తగ్గినప్పుడు వోల్టేజి పైకి ఎగిసి ప్రాసెసర్ మీద పడుతుంది. మీలా ప్రెసిషన్ బూస్ట్ (ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకునే ఏర్పాటు) మీద ఆధారపడేవారు లోడ్ లైన్ క్యాలిబ్రేషన్‌ను ఆటోలోనే వదిలేయడం మంచిది. అలాగే మైనస్ 30తో ఏ తప్పూ రాకపోయినా, సిస్టం కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా పనిచేసిన వేగం) అనే వరసను చూడకుండా సంబరపడకూడదు. వోల్టేజి చాలనప్పుడు రైజెన్ తన గడియారాన్ని సాగదీసుకుంటుంది, పైకి 4.8 అని చూపిస్తూ లోపల అంతకంటే తక్కువ పని చేస్తుంది.

ప్రశ్న: నాది కోర్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు నాలుగు. అట్ట మీద 3600 అని ఉంది కాబట్టి ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. జనవరిలో ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరాక మధ్యాహ్నం పూట మెమరీ మేనేజ్‌మెంట్ అని బ్లూ స్క్రీన్ వస్తోంది, డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైళ్లు తెరుచుకోవడం లేదు. నేను ఓవర్‌క్లాక్ ఏమీ చేయలేదు కదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేశారండీ. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడమే ఓవర్‌క్లాక్. అట్ట మీది 3600 ఆ స్టిక్కుకు సంబంధించిన హామీ. మీ ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌కు ఇంటెల్ ఇచ్చిన హామీ డీడీఆర్4లో 3200 దాకానే. పైగా డీడీఆర్4 ప్రమాణ వోల్టేజి 1.2 కాగా, ఎక్స్‌ఎంపీతో అది సాధారణంగా 1.35కు పెరుగుతుంది. మీ ప్రాసెసర్ పేరు చివర కె అక్షరం లేదు. 12వ తరంలో అలాంటి వాటికి మెమరీ కంట్రోలర్‌కు అందే సిస్టం ఏజెంట్ వోల్టేజిని పెంచే వీలు సాధారణంగా ఉండదు. అందువల్ల కె రకం మీద అవలీలగా నడిచే 3600, కంట్రోలర్ ర్యామ్‌తో సమానవేగంతో పనిచేసే గేర్ 1లో మీ దాని మీద అంచున నిలబడి ఉంటుంది. నాలుగు స్టిక్కులు పెట్టడం వల్ల ఆ బరువు ఇంకా పెరిగింది. జనవరిలో నడిచింది కూడా అంచు మీదే, కాకపోతే చలి కాపాడింది.

వేడి సంగతి చెప్పాలంటే, గది ఉష్ణోగ్రత ఎంత పెరిగితే క్యాబినెట్ లోపలి ప్రతి భాగమూ ఇంచుమించు అంతే పెరుగుతుంది. జనవరి రాత్రికీ మే మధ్యాహ్నానికీ విజయవాడలో ఉన్న తేడా మొత్తం మీ ర్యామ్ చిప్పుల మీద పడింది. దానికి గ్రాఫిక్స్ కార్డు వెనక నుంచి వచ్చే వేడిగాలి తోడు. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ అతి చిన్న కెపాసిటర్‌లో నిలిచిన విద్యుదావేశం. వేడెక్కేకొద్దీ అది త్వరగా కారిపోతుంది, మళ్లీ నింపే సమయం వచ్చేలోపే ఒకటి సున్నా అయిపోవచ్చు.

బ్లూ స్క్రీన్ కంటే నన్ను కంగారు పెట్టింది మీ జిప్ ఫైళ్ల సంగతి. బ్లూ స్క్రీన్ వస్తే మీకు తెలుస్తుంది. కాపీ చేస్తున్న ఫొటోలో ఒక బిట్టు మారితే ఎవరికీ తెలియదు, చెడిన కాపీయే బ్యాకప్‌లోకీ చేరుతుంది. కాబట్టి ఈ ఉత్తరం చదివిన వెంటనే ఎక్స్‌ఎంపీ ఆపేయండి, సమస్య తేలేదాకా ముఖ్యమైన ఫైళ్లను ఒక డ్రైవు నుంచి మరో డ్రైవుకు మార్చకండి. ఆ తరవాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మొదట మామూలు వేగంతో నాలుగు విడతలూ నడపండి. అక్కడే తప్పులు వస్తే ఏదో ఒక స్టిక్కు చెడిందన్నమాట. ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షిస్తే దొరికిపోతుంది, వారంటీలో మార్పించుకోవచ్చు. మామూలు వేగంలో ఒక్క తప్పూ లేకుండా గడిస్తే స్టిక్కులు మంచివే. అప్పుడు 3200కు పెంచి మళ్లీ నడపండి. ఒక్క తప్పు వచ్చినా ఆ వేగం పనికిరానట్టే. ర్యామ్ పరీక్షలో నూటికి తొంభై తొమ్మిది మార్కులకు విలువ లేదు.

పరీక్షను రాత్రి ఏసీ వేసుకుని కాకుండా, బ్లూ స్క్రీన్ వచ్చే ఆ మధ్యాహ్నం వేళే చేయండి. మెమ్‌టెస్ట్86 నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. అందులో గట్టెక్కిన ర్యామ్ ఆట మొదలుపెట్టిన గంటకు తప్పవచ్చు. అందుకని చివరి పరీక్షగా విండోస్‌లోనే ఓసీసీటీ వంటి దానితో ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ కలిపి వేడెక్కించి చూడాలి. అప్పటికీ తప్పులు వస్తుంటే రెండు స్టిక్కులు తీసేసి, మిగిలిన రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టండి. 3600కూ 3200కూ తేడా ఆటల్లో కంటికి ఆనదు. నా మట్టుకు నేనైతే మీ ప్రాసెసర్ మీద 3600 కోసం ఒక్క సాయంత్రం కూడా వెచ్చించను. అంతా కుదుటపడ్డాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడిపి, ఈ రోజుల్లో చెడిన విండోస్ ఫైళ్లుంటే సరిచేయించండి.

ప్రశ్న: 2024 మొదట్లో కోర్ ఐ7-14700కెతో సిస్టం కట్టుకున్నాను. బయోస్‌లో ఏదీ ముట్టుకోలేదు. ఏడాది బాగానే నడిచింది. ఇప్పుడు కొన్ని ఆటలు మొదలవుతుండగానే వీడియో మెమరీ చాలలేదని చెప్పి మూసుకుపోతున్నాయి. కార్డులో 16 జీబీ ఉంది. కార్డు మార్చి చూసినా అంతే.
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఆ సందేశాన్ని నమ్మకండి. ఆట మొదలయ్యేటప్పుడు కుదించి ఉన్న సమాచారాన్ని విప్పడం, షేడర్లను (దృశ్యాలు గీయడానికి కార్డుకు ఇచ్చే చిన్న ప్రోగ్రాంలు) తయారుచేయడం ప్రాసెసర్ పని. అక్కడ లెక్క తప్పితే అర్థంలేని అంకెలు కార్డు దాకా వెళ్లి, లేనంత మెమరీ అడిగి, నింద కార్డు మీద పడుతుంది. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఈ అస్థిరత ఉందని ఇంటెల్ 2024లో బహిరంగంగా ఒప్పుకుంది. మైక్రోకోడ్‌లోని (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) లోపం వల్ల ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజి అడుగుతోందని చెప్పి, ఆ ఆగస్టులో 0ఎక్స్129, ఆ తరవాత 0ఎక్స్12బి అనే సవరణలను మదర్‌బోర్డు కంపెనీల ద్వారా విడుదల చేసింది. మీరు ఏదీ ముట్టుకోకపోయినా, అప్పటి బోర్డులు చాలావాటిలో విద్యుత్ పరిమితి ఆటోలో నాలుగు వేల వాట్లకు పైగా, అంటే పరిమితే లేనట్టుగా ఉండేది. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ పరిమితి 253 వాట్లు.

ముందు మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చిన తాజా బయోస్ ఎక్కించి, ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్ అనే ప్రొఫైల్ ఎంచుకోండి. ఆటలు అప్పటికీ పడిపోతుంటే బయోస్‌లో పి-కోర్ రేషియోను (పెద్ద కోర్ల వేగాన్ని నిర్ణయించే అంకె) 53కు దించి చూడండి. దానితో నిలకడ వచ్చిందంటే మీ ప్రాసెసర్ అరిగిపోయినట్టే. పాత వేగానికి పాత వోల్టేజి ఇక దానికి చాలదు. సవరణ ఇకపై జరిగే నష్టాన్ని ఆపడానికే గాని, జరిగిపోయినదాన్ని బాగుచేయలేదు. అందువల్ల వేగం దించి సర్దుకుపోవద్దు. ఈ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. విడిగా కొన్నదైతే నేరుగా ఇంటెల్‌నూ, కట్టి అమ్మిన సిస్టం అయితే అమ్మిన కంపెనీనీ అడగండి. రేషియో 53కు దించితే ఆటలు పడిపోవడం ఆగిన విషయాన్ని, ఏయే ఆటలు పడిపోతున్నాయన్న వివరాలను ఫిర్యాదులో రాయండి.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు మెమరీ వేగాన్ని ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో బాగా పెంచాను. ఒక్కసారి కూడా క్రాష్ కాలేదు గాని ఫ్రేములు మునుపటికంటే తగ్గాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ కార్డులోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ, పంపిన సమాచారంలో తప్పు దొర్లితే గుర్తించి దాన్నే మళ్లీ పంపుతుంది. అందుకే తెర మీద చుక్కలు, గీతలు రాకముందే వేగం పడిపోతుంది. క్రాష్ కాకపోవడం స్థిరత్వానికి రుజువు కాదు. ఒకే బెంచ్‌మార్క్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ నడిపి, స్కోరు పెరగడం ఎక్కడ ఆగిందో చూసి అక్కణ్నుంచి కాస్త వెనక్కి రండి. కార్డులోని కోర్ వేగానికి మాత్రం ఈ సౌకర్యం లేదు. అది ఎక్కువైతే డిస్‌ప్లే డ్రైవర్ స్పందన ఆగి తిరిగి కోలుకుందని ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు పడుతుంది.

ప్రశ్న: ర్యామ్ వేగం మార్చి సేవ్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. బోర్డు పోయిందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పోయి ఉండదు. డీడీఆర్5 ర్యామ్ అయితే, ముఖ్యంగా ఏఎండీ వారి ఏఎం5 రకం బోర్డుల మీద, కొత్త వేగాన్ని అలవాటు చేసుకోవడానికి మెమరీ ట్రైనింగ్ పేరుతో కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఈలోగా బటన్ నొక్కి ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. పది, పదిహేను నిమిషాలు ఆగినా తెర రాకపోతే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలిపి ఉంచండి. ఆ పిన్నులు దొరక్కపోతే రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీని తీసి, కొన్ని నిమిషాల తరవాత తిరిగి పెట్టండి. సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి గనక బయోస్‌లోకి వెళ్లి తేదీ, సమయం, బూట్ డ్రైవు సరిచూసుకోవాలి. విండోస్‌లో డ్రైవుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే అది రికవరీ కీ అడగవచ్చు. ఆ 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉందో లేదో బ్యాటరీ మీద చేయి వేసే ముందే ఫోనులో చూసుకోండి.